చుక్కల్లో కణాలను ఏరిన యంత్రం

ఎముక మూలుగలో ఉండే కొన్ని కణాలు ఒక్కొక్కటే పలు రకాల రక్తకణాలకు జన్మనివ్వగలవని 1961లో టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో తేలినా, సూక్ష్మదర్శినిలో ఆ మూలకణం మామూలు లింఫోసైటులాగే కనిపిస్తుంది కనుక, ఫలానాది అదేనని చాలాకాలం ఎవరూ చూపలేకపోయారు.

ఆ లోటు తీర్చిన యంత్రానికి మూలం సిరాచుక్కల్లో ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ సిరాధారను చుక్కలుగా విడగొట్టి, వాటికి విద్యుదావేశమిచ్చి దారి మళ్ళించే పద్ధతిని రూపొందించగా, లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్‌వైలర్ 1965లో అదే పద్ధతితో కణాలను పరిమాణాన్ని బట్టి వేరుచేశారు. మెరిసే పదార్థం అంటించిన కణాలను కంటితో లెక్కపెట్టి విసిగిన లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ ఆ నమూనాను స్టాన్‌ఫర్డ్‌కు తెచ్చుకుని, 1969 నాటికి పరిమాణానికి బదులు మెరుపును కొలిచే యంత్రాన్ని తన బృందంతో సిద్ధం చేయించారు.

కణం పైపొర మీద ఉండి దాని రకాన్ని పట్టించే ప్రోటీన్లను ఉపరితల సూచికలంటారు. ఒక సూచికకే అతుక్కునే ప్రతిరక్షకానికి, లేజర్ పడితే మరో రంగులో వెలిగే పదార్థాన్ని జోడించి కణాలతో కలుపుతారు. కణాలు ఒకదాని వెనుక ఒకటిగా లేజర్‌ను దాటుతుండగా, సెకనుకు వేలసార్లు కంపించే ధార చుక్కలుగా తెగుతుంది. కావలసిన కణమున్న చుక్క ధార నుంచి విడివడే క్షణంలోనే దానికి ఆవేశం అందడం వల్ల, అది విద్యుత్ పలకల మధ్య పక్కకు వంగి వేరే గొట్టంలో పడుతుంది. ఈ లెక్క లిప్తపాటు తప్పితే పక్క చుక్క వంగుతుంది.

1975లో శాస్త్రవేత్తలు కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంతైనా తయారుచేసుకునే దారి చూపాక ఈ యంత్రానికి అసలైన పని దొరికింది. 1988లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం ఎలుక మూలుగ నుంచి, ఇప్పటికే ఏదో ఒక రక్తకణంగా మారే దారి పట్టినవాటిని తొలగించి, థై-1 అనే సూచిక కొద్దిగా, స్కా-1 అనే సూచిక స్పష్టంగా ఉన్న కణాలను ఏరింది. అవి మూలుగ కణాల్లో రెండువేలకు ఒకటి చొప్పున మాత్రమే ఉన్నా, ప్రాణాంతకమైన వికిరణానికి గురైన ఎలుకల్లో సగాన్ని బతికించడానికి 30 కణాలే సరిపోయాయి.

సూచిక అంటే ఆనవాలే కానీ రుజువు కాదు. మనుషుల్లో 1984లో కర్ట్ సివిన్ గుర్తించిన సీడీ34 సూచికకు ఎంతో పేరు వచ్చినా, ఎలుకల్లో అసలైన మూలకణాలకు అది దాదాపు ఉండదని 1996లో జపాన్ పరిశోధకులు ఒక్కొక్క కణాన్నే ఎక్కించి నిరూపించారు. అయినా మూలకణ మార్పిడికి నేటికీ లెక్కించేది సీడీ34 కణాలనే. రోగి బరువులో కిలోకు కనీసం 20 లక్షలు ఉండేలా వైద్యులు చూస్తారు, వాటిలో దీర్ఘకాలం రక్తాన్ని పుట్టించగలిగేవి అతి కొద్ది మాత్రమే.