వెండి రూపాయి వెల

కిన్నెరసాని గోదావరిలో కలిసే తావుకు చేరువలో ఉన్న ఊరు బూర్గంపాడు. నదికి ఆవలి ఒడ్డున భద్రాచలం ఉంది. నేడు ఈ రెండూ ఒకే జిల్లాలో ఉన్నాయి గాని, 1948కి పూర్వం వీటి నడుమ పారిన గోదావరి రెండు రాజ్యాలకు సరిహద్దు. భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం నుండి ఆంగ్లేయుల చేతికి పోయింది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. బూర్గంపాడు మాత్రం నిజాం ఏలుబడిలోనే ఉండిపోయింది. పడవ దాటితే ప్రభుత్వం మారేది. రూపాయి కూడా మారేది. ఈవలి ఒడ్డున హాలీ సిక్కా, ఆవలి ఒడ్డున కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానమని లెక్క.

ఈ లెక్క ఎవరి దయాదాక్షిణ్యాల మీదనో ఆధారపడినది కాదు. కల్దారు బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. అందులో నూటికి 91.7 పాళ్ళు వెండి. హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్ళు. గుణించి చూస్తే మొదటిదానిలో 10.69 గ్రాములు, రెండవదానిలో 9.14 గ్రాములు వెండి తేలుతుంది. ఆరు కల్దార్లలోని వెండి, ఏడు హాలీ రూపాయలలోని వెండి ఇంచుమించు సమానమే. ఈ మారకపు లెక్క తెలియనివాడు సంతలో నష్టపోయేవాడు.

హాలీ రూపాయి 1959 వరకు చట్టరీత్యా చెల్లింది. ఆనాటి రూపాయలు ఇప్పటికీ పల్లెలలో ట్రంకుపెట్టెల అడుగున, ముసలమ్మల మెడలలోని రూపాయల పేర్లలో కనిపిస్తాయి. అవసరం వచ్చిననాడు వాటిని పట్నంలోని వెండి దుకాణానికి తీసుకొనిపోతారు. వర్తకుడు తూకం వేసి, తరుగు తీసి, వెండి ధర కట్టి ఇస్తాడు. ఆ ధర న్యాయమైనదే కావచ్చు. అయితే అది లోహం ధర మాత్రమే. అవే నాణేలకు సేకర్తలు కట్టే వెల వేరు. ఆ తేడా తెలియక నూటికొక్క నాణెమైనా కరిగిపోతే, పోయినది తిరిగి రాదు.

పాతదైతే చాలు, విలువైనదే అన్నది చాలామంది నమ్మకం. అది సరికాదు. విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని అచ్చయిన రూపాయలు ఎంతో పాతవి. అయినా అవి అరుదైనవి కావు. ఆ తరువాత పదేళ్ళకు పైగా టంకశాలలు అదే సంవత్సరాన్ని వేస్తూ కోట్లాదిగా ముద్రించాయి. దానికంటే డెబ్బదియేడేళ్ళు చిన్నదైన 1939 నాటి ఆరవ జార్జి రూపాయికి సేకర్తలు పోటీపడతారు. దానిని చెలామణిలోకి దాదాపు రానీయలేదు. అందుకే దానికి దొంగ నకళ్ళు కూడా ఎక్కువ. మరుసటి ఏడు, 1940 నుండి, రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. తూకం ఒకటే అయినా 1940 తరువాతి రూపాయిలో ఉన్నది 5.83 గ్రాముల వెండియే. ఈ సంగతి తెలియక అమ్మేవారు, కొనేవారు ఇరువురూ తగవుపడుతుంటారు.

1911 నాటి అయిదవ జార్జి రూపాయి కథ మరొకటి. రాజు ధరించిన హారంలోని ఏనుగు బొమ్మ తొండం పొట్టిదై పందివలె కనిపించడంతో జనం ఏవగించుకొన్నారు. ముద్రించిన 94 లక్షలలో ఏడు లక్షలదాకా మాత్రమే బయటకు వచ్చాయి. మిగిలినవాటిని కరిగించి, 1912లో బొమ్మను దిద్దారు.

హాలీ సిక్కాను చదవడానికి కొంత ఓపిక కావాలి. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1903 ప్రాంతం నుండి యంత్రంపై ముద్రించిన రూపాయల మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. ఆ కట్టడపు ద్వారంలో ‘మీమ్’ అనే అక్షరం ఉంటే మహబూబ్ అలీ నాణెం. ‘ఐన్’ ఉంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. సంవత్సరం హిజ్రీ శకంలో, పార్సీ అంకెలలో ఉంటుంది. 1321 అంటే క్రీస్తుశకం 1903-04. నాణెం మీది 92 అనే అంకెను చూసి సంవత్సరమని పొరబడేవారున్నారు. అది సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల మొత్తం అది.

నాణెపు వెలను నిర్ణయించేది ఎన్ని ముద్రించారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది. ఈ సూత్రానికి అమెరికా వెండి డాలరును మించిన సాక్ష్యం లేదు. చిత్రమేమంటే ఆ కథకు మన రూపాయితోనే చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశంలో వెండికి కరవు వచ్చి, 1917లో రూపాయి నోటును ప్రవేశపెట్టవలసివచ్చింది. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి, ఇరవై ఏడు కోట్ల వెండి డాలర్లను కరిగించింది. అందులో అత్యధిక భాగం రూపాయల ముద్రణకై బ్రిటన్‌కు అమ్మింది. ఒక డాలరులోని వెండి 24 గ్రాములు. దానితో రెండుంబావు కల్దార్లు తయారవుతాయి. బూర్గంపాడు పరిసరాలలో దొరికే అయిదవ జార్జి రూపాయిలో అమెరికా వెండి ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు.

కరిగినవి ఏ ఏడాది డాలర్లో అమెరికావారు లెక్క వ్రాసుకోలేదు. న్యూ ఆర్లియన్స్ టంకశాల గుర్తు ‘ఓ’ గల 1903 డాలరు అంతా కరిగిపోయిందని భావించి, కొత్తదనం చెడని ఒక్కొక్క దానికి 1500 డాలర్ల వెల కట్టారు. 1962లో ప్రభుత్వ ఖజానాలో అవే నాణేల సంచులు బయటపడ్డాయి. కొద్దికాలంలోనే వెల పదుల డాలర్లకు పడిపోయింది.

ఇక నాణెపు స్థితి. ముఖంపై వెంట్రుకల గీతలు, అంచు పళ్ళు చెరగకుండా ఉంటే వెల పెరుగుతుంది. పేరులో గుచ్చడానికి రంధ్రం వేసినా, కొండి అతికినా సేకర్త దృష్టిలో వెల పడిపోతుంది. అటువంటిది ఆభరణమే గాని సేకరణకు తగిన నాణెం కాదు. చింతపండుతో తోమి మెరిపించడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. ఏళ్ళ తరబడి పట్టిన సన్నని నలుపు ఆ నాణెం ప్రాచీనతకు గుర్తు. తోమితే ఆ నలుపుతోపాటు గీతలు కూడా అరుగుతాయి. అనుమానం ఉంటే నీటిలో తూచి చూడవచ్చు. అసలైన కల్దారు నీటిలో సుమారు 1.13 గ్రాముల బరువు కోల్పోతుంది.

పాత నాణేలకు లక్షలిస్తామని చెప్పి ముందుగా రుసుము అడిగేవారు ఈమధ్య పెరిగారు. రిజర్వు బ్యాంకు పేరును కూడా వాడుకొంటున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. అటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని తెలిపింది. ఇంట్లో వారసత్వంగా వచ్చినవాటి సంగతి ఒకటి, నాగలికి తగిలి భూమిలో దొరికినవాటి సంగతి మరొకటి. దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దానిని దేశంలో అమ్ముకోవచ్చు గాని విదేశానికి పంపరాదు.