పదికి తొమ్మిదిన్నర... ఎవరేసిన మార్కులు?

భైంసల, ముధోల్ల, కుభీర్ల పోరగాళ్ల ఫోన్లల్ల ఇప్పుడు జపాన్ బొమ్మల కథలు నడుస్తున్నయి. 2025 సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ సినిమా మన దేశంల తెలుగు మాటలతోటి కూడ రిలీజైంది. జపాన్ కథ మన భాషల మాట్లాడుడు మంచిదే. కానీ దాంతోపాటు ఒక కొత్త అలవాటు కూడ వచ్చింది. ఎపిసోడ్ చూసుడు కంటె ముందు దాని రేటింగ్ చూసుడు. తొమ్మిది దాటితే చూస్తం, ఎనిమిదికి అటిటు ఉంటే దాటేస్తం.

ఆ అంకె అబద్ధమని నేను అంటలేను. అది చెప్పేదొకటి, మనం అర్థం చేసుకునేదొకటి. గా తేడానే ఈ ముచ్చట.

కోతకు పది, కలుపుకు ఎనిమిది

‘డీమన్ స్లేయర్’ మొదటి సీజన్ 2019 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాక జపాన్ టీవీల వచ్చింది. మొత్తం 26 ఎపిసోడ్లు. యుఫోటేబుల్ అనే స్టూడియో తీసింది. ఆగస్టు 10న వచ్చిన 19వ ఎపిసోడ్ దునియంత మోగింది. ఐఎండీబీల దానికి పదికి తొమ్మిదిన్నర పైననే ఉంటది. అదే సీజన్ల మామూలు ఎపిసోడ్లు శానా మట్టుకు ఎనిమిది చుట్టుముట్టు ఉంటయి.

19వ దాంట్ల ఏముంది? గుట్ట మీద సాలీడు రాక్షసుడితోటి కొట్లాట. ప్రాణం మీదికొచ్చినప్పుడు తాంజిరోకు సచ్చిపోయిన నాయిన యాదికొస్తడు. రోగంతోని ఉండి కూడ మంచుల అగ్గిదేవునికి ఆ నాయిన ఆడిన ఆట యాదికొస్తది. అటు చెల్లె నెజుకోకు తల్లి గొంతు వినవడ్తది. బొమ్మలు, పాట, మంటలు అన్నీ ఒక్కకాడ కలుస్తయి.

కానీ గా తల్లి గొంతు వినంగనే మన కండ్లల్ల నీళ్లెందుకు తిరిగినయి? మొదటి ఎపిసోడ్ల ఆ ఇల్లు చూసినం కాబట్టి. బొగ్గులమ్మి బతికే పోరడు, ఎనుక ఉరికొచ్చే తమ్ముళ్లు, తెల్లారేసరికి రక్తంల పడున్న ఇంటోళ్లు. తర్వాత కత్తి నేర్చుకునుడు, దెబ్బలు తినుడు, నడుసుడు. ఇవన్నీ తక్కువ మార్కుల ఎపిసోడ్లల్లనే ఉన్నయి. వాటిని దాటేసి 19కి దుంకినోనికి మంటలు కనవడ్తయి గానీ ఆ ఇల్లు కనవడదు. కోత రోజుకు పది మార్కులేసి, కలుపు తీసిన రోజుకు ఎనిమిది వేసినట్టు ఉంటది ఈ లెక్క. కలుపు తియ్యకుంటె కోతెక్కడిది?

అంకె ఎట్ల పుడ్తది?

పది మంది ఓటేసిండ్రనుకో. తొమ్మిది మంది పది పది ఇచ్చిండ్రు, ఒక్కడు కోపంతోని ఒకటి ఇచ్చిండు. సగటు 9.1. ఇంకో ఎపిసోడుకు పది మంది తొమ్మిది తొమ్మిది ఇచ్చిండ్రు. సగటు 9. అంకెలు అన్నదమ్ముల లెక్కనే ఉన్నయి, లోపటి కథలు వేరు.

అందుకే పెద్ద సైట్లు ఉత్త సగటు వెయ్యవు. ఐఎండీబీ కొన్ని ఓట్లకు ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ బరువు ఇస్తది. ఎట్ల ఇస్తదో బయటపెట్టదు. పెడితే గుంపులు గట్టి దాన్ని మోసం చేసెటోళ్లుంటరు. మైఅనిమేలిస్ట్ తన లెక్క బయటనే పెట్టింది. సిరీస్‌ల ఐదో వంతన్న చూడనోళ్ల మార్కు లెక్కకు రాదు. ఓట్లు తక్కువున్న సిరీస్ మార్కును మొత్తం సైటు సగటు దిక్కు గుంజుతది. మా హీరో గొప్పంటె మా హీరో గొప్పని ఎదుటి సిరీస్‌కు ఒకట్లు గుద్దే అభిమానులు అక్కడ గూడ ఉన్నరు మరి.

ఓటు ఎవరిది?

పత్తి అమ్మినోళ్లకు ఇది తొందరగ సమజైతది. సీసీఐ సెంటర్ల తేమ 8 శాతం దాక ఉంటే పూర మద్దతు ధర, 12 దాటితే కొనరు. కానీ మిషన్ల పెట్టేది బండెడు పత్తిని కాదు, పిడికెడు పత్తిని. ఆ పిడికెడు ఎక్కడికెళ్లి తీసిండ్రన్న దాని మీదనే అంకె ఉంటది.

రేటింగ్ గూడ గంతే. చూసినోళ్లందరు ఓటెయ్యరు. మస్తు నచ్చినోడు వేస్తడు, మస్తు మండినోడు వేస్తడు. నడిమిట్లోడు ఫోన్ పక్కన పెట్టి పండుకుంటడు. ఇంకోటి, సిరీస్ నచ్చనోడు మూడో ఎపిసోడ్‌కే ఎల్లిపోతడు. ఆఖరుదాక మిగిలేది అభిమానులే. సీజన్ పోయినకొద్ది అంకె పెరుగుతుంటే కథ బాగైందని కావొచ్చు, లేదంటె నచ్చనోళ్లు ఎల్లిపోయిండ్రని కావొచ్చు. అంకె ఒక్కటే చూస్తే ఏదో తెల్వదు.

ఇగ మన సంగతి. తెలుగు డబ్బింగ్‌ల చూసినోళ్లకు వేరే డబ్బా లేదు. మాటలు బాగా రాసిండ్రా, గొంతు సరిపోయిందా అన్నది ఆ అంకెల ఉండదు. భైంస పోరడు చూసిండు గానీ ఆ లెక్కల వాడు లేడు.

చేతుల కష్టానికి మార్కు లేదు

‘జుజుత్సు కైసెన్’ రెండో సీజన్ 2023ల వచ్చింది. షిబుయా కొట్లాటల ఎపిసోడ్లకు మార్కులు కుప్పలు పడ్డయి. అదే నవంబర్‌ల, ఆ సీజన్‌కు పనిచేసిన యానిమేటర్లు కొందరు టైం చాలుతలేదని, పని ఒత్తిడి మోయలేకపోతున్నమని సోషల్ మీడియాల బహిరంగంగ రాసిండ్రు. తీసిన స్టూడియో మప్పా. తెర మీద తొమ్మిది దాటిన అంకె, తెర ఎనుక నిద్రలేని కండ్లు.

హైదరాబాద్ పోయి బండి మీద డెలివరీ చేసే మన పోరగాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు. వాన పడ్డా, ట్రాఫిక్ ఆగినా తగ్గేది వాళ్ల స్టార్లే. స్టార్ అన్నది తీసుకున్నోని ఖుషీని కొలుస్తది. ఇచ్చినోని కష్టం దాంట్లకు రాదు.

మరి ఏం చెయ్యాలె?

రేటింగ్ చూడొద్దని కాదు. చూసేటప్పుడు ఎన్ని ఓట్లున్నయో చూడుండ్రి. ఐఎండీబీల ఏ మార్కు ఎంతమంది ఇచ్చిండ్రో గీతలతోటి కనవడ్తది, అది తెరిచి చూడుండ్రి. పదులు, ఒకట్లే ఎక్కువుంటె అది కథ మీద తీర్పు కాదు, గుంపుల కొట్లాట. 8.6కు 8.8కు నడుమ తేడా వెతకకుండ్రి. కథను వరుసల చూడుండ్రి.

చూసినంక మీరు గూడ మార్కు వెయ్యుండ్రి. పక్కన రెండు మాటలు తెలుగుల రాయుండ్రి, డబ్బింగ్ ఎట్లుందో కూడ చెప్పుండ్రి. మనం రాయకుంటె మనం చూసినట్టు ఆ లెక్కకు ఎన్నడు తెల్వదు.