స్ట్రీట్ రేసింగ్ షోలు అసలా, నాటకమా? అభిమానుల వాదనలో తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతి

అమెరికా డిస్కవరీ ఛానల్‌లో 2013 జూన్‌లో ‘స్ట్రీట్ అవుట్‌లాస్’ అనే రియాలిటీ షో మొదలైంది. ఓక్లహోమా సిటీలో రాత్రిళ్లు రోడ్ల మీద కార్ల రేసులు పెట్టుకునే ఒక గుంపు కథ అది. ఆ ఊరి టెలిఫోన్ ఏరియా కోడ్ 405 కాబట్టి వాళ్లకు ‘405’ అనే పేరు పడింది. ఊళ్లో అందరికంటే వేగమైన పది కార్లతో ఒక లిస్టు ఉంటుంది. కిందున్నవాడు పైవాణ్ణి సవాలు చేయాలి. గెలిస్తే పైకి ఎక్కుతాడు, ఓడితే కిందే ఉంటాడు. షో అంతా ఈ లిస్టు చుట్టూనే తిరుగుతుంది.

పదేళ్లు దాటినా అభిమానుల మధ్య ఒక వాదన మాత్రం తెగలేదు. ఇది అసలు రేసా, కెమెరా కోసం ఆడే నాటకమా? ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకు అనిపించొచ్చు. కానీ ఇలాంటి రేసుల క్లిప్పులు మన కుర్రాళ్ల ఫోన్లలోకీ వస్తున్నాయి. అందుకే ఈ వాదనలో ఎవరేమంటున్నారో అమ్మీ అబ్బాలకు తెలిస్తే మంచిది.

అభిమానుల్లో మూడు వర్గాలు

మొదటి వర్గం పాత సీజన్ల వాళ్లు. వీళ్లకు కారుతో పాటు మనిషీ ముఖ్యం. ‘బిగ్ చీఫ్’గా పేరుపడ్డ జస్టిన్ షియరర్, ‘మర్డర్ నోవా’ కారు నడిపే షాన్ ఎలింగ్టన్ లాంటివాళ్లు గ్యారేజీలో కష్టపడి బండి తయారు చేసుకోవడం వీళ్లకు నచ్చింది. ‘ఫార్మ్‌ట్రక్’ అంటే మరీ ఇష్టం. అదొక 1970 నాటి షెవర్లే పికప్. చూస్తే పాత ఇనుముకి అమ్మేసేలా ఉంటుంది. దాన్ని చూసి నవ్వినవాళ్లు రేసులో వెనకబడిపోతారు. 2018లో ‘నో ప్రెప్ కింగ్స్’ అనే మరో షో వచ్చి, రేసులు రోడ్డు వదిలి డ్రాగ్ స్ట్రిప్‌లకు వెళ్లాక షో రుచి పోయిందని ఈ వర్గం బాధ. ఇప్పుడు అన్నీ ట్రాక్ కోసమే కట్టిన కార్లు, డబ్బున్నవాడిదే గెలుపు అంటారు.

రెండో వర్గం ఆ మార్పే మేలంటుంది. మామూలుగా డ్రాగ్ స్ట్రిప్ మీద టైర్లు పట్టుకోవడానికి జిగురు లాంటి పదార్థం చల్లుతారు. అది చల్లకపోవడమే ‘నో ప్రెప్’. కారు జారుతుంది, కాబట్టి ఇంజిన్ పవర్ ఒక్కటే సరిపోదు, డ్రైవర్ నేర్పు కూడా కావాలి. పైగా అక్కడ పక్కన గోడలు ఉంటాయి, అంబులెన్సు ఉంటుంది.

మూడో వర్గం మొదటినుంచీ నమ్మనివాళ్లు. ‘నిజంగా చట్టవిరుద్ధమైతే ఇన్ని కెమెరాలు, ఇన్ని లైట్లు పెట్టుకుని షూటింగ్ ఎలా చేస్తారు?’ అన్నది వీళ్ల ప్రశ్న. పోలీసులొస్తారేమో అని కంగారుపడే సీన్లు, రేసు కంటే ఎక్కువసేపు సాగే తగాదాలు, కెమెరా ముందు నోట్ల కట్టలు లెక్కపెట్టడం, ఇదంతా మసాలా అంటారు. దీనికంటే ముందు, 2005లో స్పీడ్ ఛానల్‌లో ‘పింక్స్’ అనే షో వచ్చింది. అందులో ఓడినవాడు కారు కాగితాలే గెలిచినవాడి చేతిలో పెట్టాలి. మన ఇళ్లలో అయితే దాన్ని జువా అనే అంటారు. అయినా ఆ రేసులు జరిగింది వీధుల్లో కాదు, డ్రాగ్ స్ట్రిప్ మీద.

నాటకం ఏది, నిజం ఏది?

ఈ ప్రశ్నకు సూటి జవాబు ఉంది. రేసు నిజమే, ‘రూల్స్ లేవు’ అన్నదే నాటకం. షో కోసం రోడ్డు మూసేస్తారు. ఎదురుగా ఆటో రాదు, అడ్డంగా ఎవరూ దాటరు. వెయ్యి హార్స్‌పవర్ దాటిన ఆ కార్లలో డ్రైవర్ చుట్టూ ఉక్కు పైపుల పంజరం, ఒంటిని సీటుకి కట్టేసే బెల్టులు, హెల్మెట్ ఉంటాయి. కారు వెనక బ్రేకు కోసం పారాచ్యూట్ కూడా ఉంటుంది.

ఇంత చేసినా ప్రాణాలకు గ్యారంటీ లేదు. 2022 ఆగస్టులో లాస్ వేగస్ దగ్గర ఇదే షో కుటుంబంలోని ‘ఫాస్టెస్ట్ ఇన్ అమెరికా’ షూటింగ్‌లో ఒక కారు అదుపు తప్పి పల్టీలు కొట్టింది. మంటలు అంటుకుని డ్రైవర్ చనిపోయాడు.

క్లిప్పులో మన పిల్లలకు కనిపించేది ఖాళీ రోడ్డు, అరుపులు, గెలుపు. మూసిన రోడ్డు, బెల్టులు, అంబులెన్సు క్లిప్పులో ఉండవు. అంటే నాటకం భాగం పిల్లలకు చేరుతోంది, అసలు భాగం మిగిలిపోతోంది.

మన రోడ్ల మీద

షబ్-ఎ-మెరాజ్, షబ్-ఎ-బరాత్ రాత్రుల్లో హైదరాబాద్‌లో పోలీసులు ఫ్లైఓవర్లు మూయడం మనకు తెలిసిందే. ఇబాదత్ కోసం మేలుకునే రాత్రి కొందరు కుర్రాళ్లకు బైక్ రేసుల రాత్రి అయిపోవడమే దానికి ఒక కారణం. వాళ్ల దగ్గర ఉక్కు పంజరం లేదు. చాలామందికి హెల్మెట్ కూడా ఉండదు. 150 సీసీ బైక్ పవర్ సుమారు 14 హార్స్‌పవరే కావొచ్చు, కానీ తల డివైడర్‌కి కొట్టుకోవడానికి అంతకంటే అక్కర్లేదు.

చట్టం, డబ్బు లెక్క

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారి 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, 10,000 వరకు జరిమానా.

నడిపింది మైనర్ అయితే కేసు పెద్దవాళ్ల మీదకు వస్తుంది. సెక్షన్ 199ఏ కింద గార్డియన్‌కి లేదా బండి ఓనర్‌కి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తెలియక జరిగిందనో, తన వంతు జాగ్రత్త తీసుకున్నాననో నిరూపించుకోవాల్సింది పెద్దవాళ్లే.

ఇక ఇన్సూరెన్స్. పాలసీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అనే పేరా ఒకసారి చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి పాలసీ వర్తించదని అందులో ఉంటుంది. లైసెన్సు లేనివాడు నడిపితే బండి రిపేరు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. గాయపడ్డ అవతలివాళ్లకు కంపెనీ ముందు డబ్బు కట్టినా, దాన్ని ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చని ట్రిబ్యునళ్లు చెప్పిన కేసులు చాలా ఉన్నాయి. ఈఎంఐ మీద కొన్న బండి అయితే, అది తుక్కయినా వాయిదాలు కట్టాల్సిందే.

ఇంట్లో ఏం మాట్లాడాలి?

ఫోన్ లాక్కుంటే ఆ క్లిప్పు పక్కింటి ఫోన్‌లో చూస్తారు. దానికంటే కూర్చోబెట్టి అభిమానులు వేసుకునే ప్రశ్ననే అడగండి: ఇందులో అసలేది, నాటకమేది? రోడ్డు ఎవరు మూశారు, అంబులెన్సు ఎక్కడుంది, డ్రైవర్ ఒంటి మీద ఏముంది అని వెతకమనండి. కార్ల పిచ్చి ఉన్న పిల్లాడు ఇష్టంగానే వెతుకుతాడు.

వేగం మీద ఇష్టం తప్పు కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన మామూలు రోడ్ల మీదే ఫార్ములా ఈ రేసు జరిగింది. దాదాపు 2.8 కిలోమీటర్ల ఆ దారికి ముందే గోడలు కట్టి, ట్రాఫిక్ ఆపి, ఆ తర్వాతే కార్లు వదిలారు. నేర్చుకోవాలనుకునేవాళ్లకు చెన్నై, కోయంబత్తూరుల్లో రేసింగ్ ట్రాక్‌లు ఉన్నాయి. షబ్-ఎ-బరాత్ రాత్రి ఫ్లైఓవర్ మీద మాత్రం అవేవీ ఉండవు. బండి తాళం ఎవరి జేబులో ఉందో ఆ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి చూసుకోవాలి.