మందుతోపాటు మనిషీ కావాలి

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదంలో 28 మంది మానసిక రోగులు మరణించారు. గొలుసులతో కట్టి ఉండటంతో తప్పించుకోలేకపోయారు. దర్గా దగ్గర నయమవుతుందన్న ఆశతో కుటుంబాలు తీసుకొచ్చినవారే వారంతా.

ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, అయినవాళ్లనే అనుమానించడం సైకోసిస్ లక్షణాలు. అలాంటివారికి సొంత ఊళ్లోనే వైద్యం అందించే మూడు పద్ధతులను పోల్చి చూశాం.

మొదటిది, 1985లో బళ్లారి జిల్లాలో మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే శిక్షణ ఇచ్చారు. 1996 నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా ఇతర జిల్లాలకూ విస్తరించింది. మందు దగ్గరికొచ్చింది. రోగి రావడం మానేస్తే మాత్రం వెళ్లి అడిగేవారు కావాలి.

రెండవది, దవా-దువా. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో ముజావర్లే రోగులను మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. దువా ఆగలేదు, దవా తోడైంది. అయితే ఇంటికెళ్లాక మందు మానకుండా చూసేదెవరు?

మూడవది, ఇంటికి వెళ్లడం. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో 282 మంది స్కిజోఫ్రీనియా రోగులపై జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. ఆసుపత్రి వైద్యానికి తోడు శిక్షణ పొందిన కార్యకర్తల సాయం అందినవారిలో ఏడాదికి వ్యాధి లక్షణాలు మరికొంత తగ్గాయి. ఖర్చు మాత్రం పెరిగింది.

దాతలకు మా మనవి ఆ ఖర్చు గురించే. కార్యకర్త జీతం, రోగి బస్సు ఛార్జీ ఫొటోలో కనిపించేవి కావు. మందు ఆగకుండా చూసేవి అవే.