వాంతి మందు ఇచ్చే ముందు, ఇచ్చిన తరువాత

నోట్లో నీళ్లూరడం, కడుపులో తిప్పడం, ఆ వెంటనే వాంతి కావడం మనందరికీ అనుభవమే. ఘాట్ రోడ్డులో బస్సెక్కిన వారికి వేరే చెప్పనక్కరలేదు. వాంతులు తగ్గించే మాత్రలు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. అందువల్లనేమో, వీటితో ప్రమాదమేమీ లేదన్న అభిప్రాయం మనలో స్థిరపడింది. ఆసుపత్రిలో ఈ మందును రోగికి అందించే నర్సు మాత్రం అలా అనుకోవడానికి వీలులేదు. ఎందుకో చూద్దాం.

మెదడు అడుగున మెడుల్లా అనే భాగం ఉంది. వాంతి ప్రక్రియను నడిపించేది అదే. దానికి సంకేతాలు పలువైపుల నుంచి అందుతాయి. చెడిన ఆహారం తిన్నప్పుడు పేగు గోడలోని కణాలు సెరటోనిన్‌ను విడుదల చేస్తాయి. ఆ సంకేతాన్ని వేగస్ నాడి పైకి చేరవేస్తుంది. రక్తంలో కలిసిన విషపదార్థాలను మెడుల్లాలోనే ఉన్న మరో చిన్న ప్రాంతం పసిగడుతుంది. అక్కడ డోపమిన్ పాత్ర ముఖ్యం. బస్సు కుదుపుల సంగతి లోపలి చెవి తెలుపుతుంది. ఇక వాసన, భయం వంటివి పై మెదడు నుంచి వస్తాయి. ఒక్కో మందు ఒక్కో దారిని మూస్తుంది. ఆండాన్‌సెట్రాన్ సెరటోనిన్ పనిని, మెటోక్లోప్రమైడ్ ముఖ్యంగా డోపమిన్ పనిని, ప్రొమెథజైన్ హిస్టమిన్ పనిని అడ్డుకుంటాయి. బస్సు ప్రయాణపు వాంతులకు ఆండాన్‌సెట్రాన్ అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే.

మందు వాంతిని ఆపుతుంది కానీ, వాంతికి మూలమైన కారణాన్ని తొలగించదు. కాబట్టి సిరంజి చేతిలోకి తీసుకునే ముందే నర్సు కొన్ని సంగతులు కనుక్కోవాలి. తలకు దెబ్బ తగిలిందా? వాంతి ఆకుపచ్చగా ఉందా? కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా ఉందా? ఈ చివరి రెండూ పేగులో అడ్డంకికి గుర్తులు కావచ్చు. మెటోక్లోప్రమైడ్ పేగుల కదలికను పెంచుతుంది. దారి మూసుకుపోయిన పేగును అలా బలవంతంగా కదిలిస్తే చిల్లు పడే ప్రమాదం ఉంది. అనుమానం కలిగితే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. స్త్రీలను గర్భం గురించి కూడా అడగాలి.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించుకోండి. రాత్రి డ్యూటీలో ఉన్నారు. సాయంత్రం మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ తీసుకున్న పదిహేడేళ్ల అమ్మాయికి హఠాత్తుగా మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. కనుగుడ్లు పైకి నిలిచాయి, దవడ బిగిసింది. మాట రావడం లేదు. తల్లి గాలి సోకిందని ఏడుస్తోంది, పక్క మంచం వాళ్లు ఫిట్స్ అంటున్నారు. మీరు పేరు పెట్టి పిలవండి. ఆమెకు అంతా తెలుస్తూనే ఉంటుంది, మీ మాట వింటుంది. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌లో అలా ఉండదు. ఇది డిస్టోనియా అనే దుష్ప్రభావం. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే, పిల్లల్లో, యువతీయువకుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మందు ఆపి డాక్టరును పిలిస్తే తగిన ఇంజెక్షన్‌తో సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే మెడ సర్దుకుంటుంది. దీనికి వాడే వాటిలో ప్రొమెథజైన్ కూడా ఒకటి. అదీ వాంతి మందే! ముందు రోజే ఏ మందు ఇచ్చారో కేసు షీటులో రాసి ఉండకపోతే ఈ గుర్తింపంతా ఆలస్యమవుతుంది. ఆ తల్లి భయాన్ని కూడా చిన్నచూపు చూడకూడదు. ఇది మందు వల్ల వచ్చిందని, తగ్గిపోతుందని ఆమెకు చెప్పడం కూడా చికిత్సలో భాగమే.

ఈ మందును నరంలోకి గబగబా ఎక్కిస్తే రోగి విపరీతమైన ఆందోళనకు గురై మంచం మీద నిలవలేడు. ఐరోపా ఔషధ సంస్థ 2013లో దీన్ని కనీసం 3 నిమిషాల పాటు నెమ్మదిగా ఇవ్వాలనీ, 5 రోజులకు మించి వాడరాదనీ సూచించింది.

ఆండాన్‌సెట్రాన్‌తో తలనొప్పి, మలబద్ధకం సామాన్యం. గుండె లయ దెబ్బతినడం అరుదు కానీ ప్రమాదకరం. వాంతులతో పొటాషియం, మెగ్నీషియం తగ్గిన రోగికి ఆ ముప్పు మరీ ఎక్కువ. అటువంటివారికి ఈసీజీ అవసరమా అని డాక్టరును అడగడంలో తప్పులేదు. అమెరికాలో 2012 నుంచి నరంలోకి ఒకేసారి 16 మిల్లీగ్రాములకు మించి ఇవ్వరాదన్న హద్దు ఉంది.

ప్రొమెథజైన్ మత్తు కలిగిస్తుంది. మంచం పక్క కడ్డీలు పైకెత్తాలి, ఒంటరిగా బాత్‌రూముకు పంపరాదు. రెండేళ్లలోపు పిల్లలకు ఇస్తే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు కనుక వారికి నిషిద్ధం. ఇంజెక్షనైతే లోతైన కండలోకే మేలు. నరం పక్కకు కారితే ఆ భాగం కుళ్లిపోయే ప్రమాదముంది.

మందు ఇచ్చాక రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మళ్లీ వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోదు. అరగంట తరువాత వెళ్లి చూడండి. వాంతి ఆగిందా, నాలుక తడిగా ఉందా, మూత్రం వస్తోందా? గుక్కెడు గుక్కెడుగా ఓఆర్‌ఎస్ ఇచ్చి, నిలిచిందో లేదో, ఎంత తాగారో టైముతో సహా షీటులో రాయండి.