లినక్స్‌లో అప్‌డేట్లకు ఇన్ని రిపోజిటరీలు ఎందుకు?

ప్రశ్న: మా స్కూలు ల్యాబ్‌లో ఉబుంటు 24.04 వేశాం. సెక్యూరిటీ, అప్‌డేట్స్, బ్యాక్‌పోర్ట్స్, ప్రపోజ్డ్ అంటూ నాలుగు పేర్లు వింటున్నాం. అన్నీ ఉబుంటువే అయినప్పుడు ఇన్ని ఎందుకు? ఏవి ఉంచుకోవాలి? (ఒక టీచర్, రాజమహేంద్రవరం)

జవాబు: ధవళేశ్వరం దగ్గర గోదావరి ఒక్కటే. అయినా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు తూములు వేరు. దేనికి ఎప్పుడు, ఎంత వదలాలో అవసరాన్ని బట్టి చూస్తారు. ప్యాకేజీలు నిల్వ ఉండే రిపోజిటరీలను విడదీసిందీ అందుకే. కొన్ని మార్పులు వెంటనే అందాలి, కొన్ని బాగా పరీక్షించాకే అందాలి.

24.04 విడుదలైన రోజు ఉన్న ప్యాకేజీలు 'నోబుల్' అనే మూల రిపోజిటరీలో అలాగే ఉండిపోతాయి. ఆ తర్వాత దొరికిన భద్రతా లోపాల సవరణలు సెక్యూరిటీలోకి వస్తాయి. మామూలు లోపాల సవరణలు మొదట ప్రపోజ్డ్‌లోకి వెళ్తాయి. అక్కడ సాధారణంగా కనీసం వారం పరీక్షకు నిలిచాకే అప్‌డేట్స్‌లోకి చేరతాయి. కొత్త వెర్షన్ కావాలనుకునే వారికి బ్యాక్‌పోర్ట్స్ ఉంది. మీరు అడిగితే తప్ప అందులోంచి ఏదీ దానంతట అది ఇన్‌స్టాల్ కాదు.

ప్రపోజ్డ్ తప్ప మిగతావన్నీ మీ కంప్యూటర్‌లోని 'ఉబుంటు.సోర్సెస్' ఫైల్లో కనిపిస్తాయి. 'సూట్స్' అని ఉన్న వరుస చూడండి. మొదటి భాగంలో నోబుల్, నోబుల్-అప్‌డేట్స్, నోబుల్-బ్యాక్‌పోర్ట్స్ ఉంటాయి. రెండో భాగంలో నోబుల్-సెక్యూరిటీ ఒక్కటే, అదీ వేరే సర్వర్ చిరునామాతో ఉంటుంది. ప్యాకేజీల నకలు ఉంచే దగ్గరలోని మిర్రర్ సర్వర్ ఆలస్యం చేసినా భద్రతా సవరణ ఆగకూడదనే ఆ ఏర్పాటు. 'సూట్స్' వరుస కిందే 'కాంపొనెంట్స్' వరుస. అందులోని మెయిన్‌కు ఉబుంటును రూపొందించే కెనానికల్ సంస్థ ఐదేళ్లు సవరణలు ఇస్తుంది. వీఎల్‌సీ, పిల్లల జీకాంప్రీ వంటివి ఉండే యూనివర్స్‌ను ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలు చూసుకుంటారు.

పరీక్ష కోసం ఆగడం ఎంత విలువైనదో 2024 మార్చి 29న లోకానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆ రోజు బయటపెట్టారు. రిమోట్ లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందని గమనించి ఆయన కూపీ లాగారు. ఆ ప్యాకేజీ అప్పటికే డెబియన్ అనే మరో లినక్స్‌లోని టెస్టింగ్ విభాగంలోకి, ఇంకా తయారీలోనే ఉన్న ఉబుంటు 24.04 ప్రపోజ్డ్‌లోకి వచ్చేసింది. అందరూ వాడే డెబియన్ స్టేబుల్‌కు మాత్రం చేరలేదు. ఉబుంటు దాన్ని తీసేసి, బీటా విడుదలను వారం వాయిదా వేసింది.

కాబట్టి ల్యాబ్‌లో సెక్యూరిటీ, అప్‌డేట్స్ తప్పనిసరిగా ఉంచండి. బ్యాక్‌పోర్ట్స్ ఉన్నా ఇబ్బంది లేదు. పిల్లలు వాడే యంత్రాల్లో ప్రపోజ్డ్‌ను తెరవకండి. పరీక్షల్లో పాలుపంచుకోవాలని ఉంటే అందుకోసం ఒక పాత కంప్యూటర్‌ను విడిగా కేటాయించి, కనిపించిన లోపాలను ఉబుంటుకు తెలియజేయండి. ప్రపోజ్డ్‌కు కావలసింది అలాంటి వాడకందార్లే.