ఖాళీ గడుల విలువ

చిట్టా, ఆవర్జా పుస్తకములతో వ్యాపారము నడచిన కాలమున గుమాస్తాకు ఒక సౌకర్యముండెడిది. క్రొత్త వివరమేదైన వ్రాయవలసి వచ్చినచో పుట అంచున ఒక గీత గీసి వ్రాసికొనెడివాడు. కంప్యూటరులో అట్టి అంచు లేదు. పట్టికలో ముందుగా ఏర్పరచిన గడులెన్నియో అన్ని వివరములే అందు పట్టును. ఒకే సాఫ్ట్‌వేరును వేలాది సంస్థలు కొనునపుడు, ఒక్కొక్క సంస్థకు ప్రత్యేకముగా కావలసిన వివరములను ఎచ్చట దాచవలెను? ఈ ప్రశ్నకు లభించిన సమాధానమును ఇచ్చట వివరింపదలచితిమి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకును, కళాశాల లెక్కలను పర్యవేక్షించు కమిటీ పెద్దలకును ఇది ఉపయోగపడునని మా నమ్మకము.

సమాచారమును అడ్డు, నిలువు వరుసల పట్టికలుగా అమర్చు పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. ఆ పద్ధతిని ఆధారము చేసికొని 1977లో అమెరికాలో స్థాపింపబడిన ఒరాకిల్ సంస్థ ఎదిగినది. లెక్కలు, జీతములు, కొనుగోళ్లు, సరుకు నిల్వలు మున్నగు వానినన్నిటిని ఒక్క చోట నడుపు దాని సాఫ్ట్‌వేరు పేరు ఈ-బిజినెస్ సూట్. సంస్థ తన ఇచ్ఛానుసారము మలచుకొనుటకు వీలైన గడులను అందులో ఫ్లెక్స్‌ఫీల్డులు అందురు. ఇవి రెండు విధములు.

మొదటిది కీ ఫ్లెక్స్‌ఫీల్డు. ఇది అనేక ఖండములు గల సంకేతము. ఉదాహరణకు 01-20-5110 అను ఖాతా సంఖ్యలో 01 సంస్థను, 20 శాఖను, 5110 ఖర్చు పద్దును తెలుపును. ఇట్టి ఖండములు ముప్పది వరకు ఉండవచ్చును. ఏ ఖండము జమాఖర్చులు సరితూగవలసిన విభాగమో, ఏ ఖండము పద్దును తెలుపునో యంత్రమునకు ముందే చెప్పవలెను. ఈ రెండును తప్పనిసరి.

రెండవది డిస్క్రిప్టివ్ ఫ్లెక్స్‌ఫీల్డు. తెరపై ఇది రెండు బ్రాకెట్ల నడుమ చిన్న ఖాళీగా కనబడును. పట్టికలో ఆట్రిబ్యూట్ 1, ఆట్రిబ్యూట్ 2 అను పేర్లతో ఖాళీ వరుసలు ముందే సిద్ధముగా నుండును. వానికి అర్థమును కల్పించునది మనమే. ఉద్యోగుల పట్టికనే తీసికొందము. వాహనము నడుపువానికి లైసెన్సు సంఖ్య కావలెను. అధ్యాపకునికి బోధనాభాష కావలెను. ఉద్యోగి తరగతిని సందర్భముగా నిర్ణయించినచో, ఒకే ఆట్రిబ్యూట్ 1 ఒకరి విషయమున లైసెన్సు సంఖ్యను, మరియొకరి విషయమున భాషను దాచును. ఏది ఏదియో తెలియుటకు ఆ సందర్భము కూడ వేరొక వరుసలో నమోదగును.

గడిలో ఏమి వ్రాయవచ్చునో నిర్ణయించునది విలువల సమితి. అక్షరములా, అంకెలా, తేదీయా, పొడవెంత, ఇచ్చిన జాబితా నుండియే ఎన్నుకొనవలెనా, ఇష్టము వచ్చినది వ్రాయవచ్చునా అను నియమములన్నియు అందుండును. ఒక గడి విలువను బట్టి మరియొక గడి జాబితా మారునట్లును చేయవచ్చును. జిల్లాను ఎన్నుకొనిన పిదప ఆ జిల్లా మండలములే కనబడుట ఇట్టిది. నిర్మాణము ముగిసిన పిదప దానిని స్థిరపరచి, కంపైల్ చేయవలెను. అంతవరకు అది వాడుకకు రాదు.

ఇంతవరకు పని సులభమే. కష్టమంతయు ముందుచూపులో నున్నది. లెక్కలు వ్రాయుట మొదలైన పిదప ఖాతా సంకేతపు ఖండములను మార్చుట మిక్కిలి ప్రమాదకరము. పాత పద్దులు పాత రూపముననే మిగిలిపోవును. అట్లే, క్రొత్త గడిని తప్పనిసరి చేసినచో, వివరము తెలియని గుమాస్తా చుక్కనో సున్ననో పెట్టి ముందుకు సాగును. ఖాళీగా నున్న గడి తెలియదని నిజము చెప్పును. చుక్క పెట్టిన గడి అబద్ధమాడును.

మా వంటి ఉభయ భాషల కళాశాలకు ఇందులో మరియొక పాఠము గలదు. పేరునకు ఎంత చోటు ఉంచవలెను? యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, ఉర్దూ అక్షరమునకు రెండు, తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. రహీమ్ అను పేరు ఆంగ్లమున 5 బైట్లు, ఉర్దూలో 8, తెలుగున 15. గుణింతపు గుర్తును, పొల్లును వేర్వేరు సంకేతములుగా లెక్కించుటయే దీనికి కారణము. గడి కొలత 30 బైట్లని నిర్ణయించినచో ఆంగ్లమున ముప్పది అక్షరములు పట్టును. తెలుగున పది సంకేతములే. కావున కొలతను బైట్లలో గాక అక్షరములలో నిర్ణయించుట మేలు.

ఇంటిపేరు గడి సంగతియు ఇంతే. తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. ముస్లింలలో పలువురకు ఇంటిపేరే యుండదు. ఆ గడిని తప్పనిసరి చేసిన చోట, పేరును రెండు ముక్కలు చేసి నింపుదురు. సర్టిఫికెట్టులో ఒక పేరు, బ్యాంకు పుస్తకములో మరియొక పేరు అగును. ఇట్టి తేడా వలన ఉపకారవేతనము నిలిచిపోయి, తండ్రిని వెంటబెట్టుకొని కార్యాలయముల చుట్టు తిరిగిన విద్యార్థినిని మేమెరుగుదుము. ఆమె చేసిన తప్పేమియు లేదు. ఎన్నడో, ఎవరో, ఆలోచింపక ఒక గడిని తప్పనిసరి చేసిరి.

కావున కమిటీ వారికి మా మనవి యేమనగా, ఏ సాఫ్ట్‌వేరును కొనినను గడులను ఏర్పరచు నాడు ఇంజనీరుతో పాటు కార్యాలయపు గుమాస్తాను, ఇరు భాషల అధ్యాపకులను కూర్చుండబెట్టవలెను. ఏ గడికి ఏ అర్థము కల్పించితిమో ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. విద్యార్థి మిత్రులారా, రేపు ఈ పని మీ చేతికి వచ్చును. అపుడు గడిని చూచుటకు ముందు, అందులో ఇమడవలసిన మనిషిని తలచుకొనుడు.